పొలం ఒక్కటే, లెక్కలు రెండు: తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన

తెలుగులో ఆదికవి ఎవరంటే నన్నయ అని బడి పిల్లలు కూడా టక్కున చెబుతారు. తెలుగులో మొదటి లెక్కల పుస్తకం ఎవరు రాశారంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఆ పుస్తకం పేరు సారసంగ్రహ గణితం. జనం వాడుకలో అది పావులూరి గణితం. దాన్ని పద్యాల్లో రాసిన వ్యక్తి పావులూరి మల్లన. ఆయన కుటుంబం పేరు నన్నయను ఆదరించిన రాజుతోనే ముడిపడి ఉంది. ఒకరికి కవిత్రయంలో మొదటి స్థానం దక్కింది. ఇంకొకరు సాహిత్య చరిత్ర పుస్తకాల్లో రెండు మూడు పేజీలకే పరిమితమయ్యారు.

కానీ ఆయన చేతికెత్తుకున్న విద్య ఇప్పటికీ ప్రతి ఊళ్లో రోజూ అవసరమయ్యేదే. పొలం ఎంత ఉంది? గట్టు వంకరగా ఉంటే ఎలా కొలవాలి? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వాటాలు ఎలా తేల్చాలి? నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లో తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కే జనంలో చాలామంది అడిగేది ఇదే. వెయ్యేళ్ల క్రితం నాటి గణితం దీనికి ఒకటి కాదు, రెండు రకాల జవాబులు చెప్పింది. ఆ రెండింటి మధ్య తేడా ఎవరి నెత్తిన పడుతుందన్నదే అసలు సంగతి.

పావులూరు నుంచి పిఠాపురం దాకా

మల్లన ఇంటిపేరే ఆయన ఊరి పేరు. పావులూరు నేటి బాపట్ల జిల్లా ఇంకొల్లు మండలంలో ఉంది. ఆ రోజుల్లో ఆ ప్రాంతాన్ని కమ్మనాడు అనేవారు. పల్నాటి సీమకు దక్షిణాన ఉన్న పొరుగు నాడు అది. తాను కమ్మనాటిలోని పావులూరికి అధిపతినని మల్లన తన పుస్తకంలోనే చెప్పుకున్నారు. అంటే ఊరి పెత్తనం, పన్ను లెక్కలు, పొలాల హద్దులు చూసిన ఇంటి మనిషి. శివభక్తుడు.

అప్పుడు వేంగి రాజ్యాన్ని తూర్పు చాళుక్యులు పాలిస్తున్నారు. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరం నుంచి రాజ్యం చేశాడు. నన్నయ చేత భారతం రాయించింది ఈయనే. ఈ రాజు పిఠాపురం పక్కనున్న నవఖండవాడ అనే గ్రామాన్ని మల్లన వంశానికి దానంగా ఇచ్చాడు. కమ్మనాటి నుంచి కృష్ణ, గోదావరి రెండు నదులూ దాటి వెళ్లాల్సిన ఊరు అది. ఇప్పుడు దాన్ని నవఖండ్రవాడ అంటున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ వంశంలో తాత పేరూ మల్లనే, మనవడి పేరూ మల్లనే. గ్రామం పొందింది తాత. పుస్తకం రాసింది తాతా, మనవడా అన్నదానిపై పండితులు రెండు వర్గాలుగా చీలిపోయారు. తాత అయితే ఆయన నన్నయకు సమకాలికుడు. మనవడు అయితే 12వ శతాబ్దం మొదటి రోజులకు చెందుతారు. ఎవరైనా సరే, తెలుగులో శాస్త్రం రాయడానికి ముందు నడిచిన దారి ఏదీ లేని కాలం అది. మాటలు కూడా తానే వెతుక్కోవాలి.

జైన ఆచార్యుడి పుస్తకం, శైవ కవి చేతిలో

మల్లన పుస్తకానికి ఆధారం సంస్కృతంలోని గణితసారసంగ్రహం. దాన్ని సుమారు 850 ప్రాంతంలో జైన గణితవేత్త మహావీరాచార్యులు రాశారు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడు ఆయన పోషకుడు. ఆ వంశపు రాజులకు అరబ్బు వర్తకులతో మంచి సంబంధాలుండేవి. 9వ శతాబ్దపు అరబ్బు రచనల్లో ఈ రాజుల ప్రస్తావన గౌరవంగా కనిపిస్తుంది.

మహావీరాచార్యులు ఖగోళశాస్త్రం జోలికి పోకుండా లెక్కల కోసమే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. కూడికలు, తీసివేతల దగ్గర్నుంచి భిన్నాలు, త్రైరాశికం, వడ్డీ, బంగారం కల్తీ, పొలాల కొలత, గోతుల తవ్వకం, నీడను బట్టి ఎత్తు కట్టడం దాకా అన్నీ అందులో ఉన్నాయి. వ్యాపారికీ, కంసాలికీ, ఊరి అధికారికీ పనికొచ్చే పుస్తకం అది.

మల్లన దాన్ని మక్కికి మక్కిగా దించలేదు. మూలంలో జైన తీర్థంకరుల ప్రస్తావనలు ఉన్నచోట శివుడి ప్రస్తావనలు పెట్టారు. ఉదాహరణలు మార్చారు, కొన్ని తగ్గించారు, కొన్ని కొత్తగా చేర్చారు. పరిశోధకులు గమనించిన ఒక ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఒక సంఖ్యకు వర్గం కట్టడానికి మూలంలో 5 పద్ధతులు ఉంటే, తెలుగులో ఒక్కటే ఉంచారు. ఘనం కట్టడానికి 7 పద్ధతులుంటే అక్కడా ఒక్కటే. ఐదు దారుల్లో ఏ దారిన వెళ్లినా జవాబు అదే వస్తున్నప్పుడు, ఊరి మనిషికి ఒక్కటి నేర్పితే చాలు కదా.

లెక్కను ఆటగా చూపడం కూడా ఆయనకు తెలుసు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4 అలా రెట్టింపు చేసుకుంటూ 64 గడులూ నింపితే మొత్తం ఎంత? జవాబు 18446744073709551615. మొత్తం 20 అంకెలు. దీన్ని ఒకే పద్యంలో పెట్టిన ఘనత మల్లనదేనని చెబుతారు. చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, వేదమంటే 4, ఆకాశమంటే 0 అన్న సంకేతాలతో సంఖ్య మొత్తాన్ని పద్యంలోకి ఎక్కించారు. దాదాపు అదే కాలంలో మధ్య ఆసియాకు చెందిన అల్ బీరూనీ కూడా ఇదే లెక్క కట్టి ఇదే సంఖ్య రాశారు. ఒకరి పుస్తకం తెలుగులో, ఇంకొకరిది అరబ్బీలో. ఒకరి గురించి ఇంకొకరికి తెలిసే వీల్లేదు. లెక్క మాత్రం ఒక్క అంకె కూడా తేడా లేకుండా కలిసింది.

గట్టు చుట్టూ తాడు పట్టే పద్ధతి

ఏ దారిన వెళ్లినా ఒకే జవాబు వచ్చే లెక్కలు ఇలా ఉంటే, పొలం లెక్క అలా కాదు. అక్కడ దారి మారితే జవాబే మారిపోతుంది. మల్లన ఆధారం చేసుకున్న గ్రంథంలోని క్షేత్రగణితం దీన్ని దాచలేదు. విస్తీర్ణం కట్టడానికి రెండు పద్ధతులున్నాయని పేర్లు పెట్టి మరీ చెప్పింది. ఒకటి వ్యావహారికం, అంటే పనికి సరిపోయే మోటు లెక్క. రెండోది సూక్ష్మం, అంటే కచ్చితమైన లెక్క.

మోటు లెక్క చాలా తేలిక. నాలుగు గట్లూ కొలవండి. ఎదురెదురు గట్లను కూడి సగం చేయండి. మిగిలిన రెండు గట్లనూ అలాగే చేయండి. వచ్చిన రెండు సంఖ్యలనూ గుణించండి. అంతే, విస్తీర్ణం వచ్చేసింది. పొలం సరైన దీర్ఘచతురస్రం అయితే జవాబు నూటికి నూరుపాళ్లు కరెక్టు.

మరి పొలం అలా లేకపోతే? ఒక పొలం ఎగువ గట్టు 10 కోలలు, దిగువ గట్టు 22 కోలలు, పక్క గట్లు రెండూ 10 కోలలు అనుకుందాం. ఎగువ, దిగువ గట్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి. మోటు లెక్కలో 10, 22 సగటు 16. పక్క గట్ల సగటు 10. గుణిస్తే 160 చదరపు కోలలు.

ఇప్పుడు సూక్ష్మం చూద్దాం. నాలుగు గట్లూ కూడితే 52, అందులో సగం 26. ఈ 26 లోంచి ఒక్కో గట్టునూ తీసేస్తే 16, 4, 16, 16 వస్తాయి. నాలుగింటినీ గుణిస్తే 16384. దాని వర్గమూలం 128. అసలు విస్తీర్ణం ఇదే. నమ్మకం కుదరకపోతే మూడో దారిలో సరిచూడొచ్చు. దిగువ గట్టు ఎగువ గట్టు కంటే 12 ఎక్కువ, అంటే అటు 6, ఇటు 6. పక్క గట్టు 10 కాబట్టి ఎత్తు 8. సగటు 16ను ఎత్తు 8తో గుణిస్తే మళ్లీ 128.

160కీ 128కీ తేడా 32. అంటే నిజంగా ఉన్న ప్రతి ఎకరానికీ కాగితం మీద ఇంకో 25 సెంట్లు ఎక్కువ. ఆ 25 సెంట్లలో పైరు పండదు. శిస్తు మాత్రం పడుతుంది.

ఎప్పుడూ ఎక్కువే ఎందుకు?

ఈ మోటు లెక్క ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తే మొత్తం మీద సర్దుకుపోయేది. కానీ నాలుగు గట్ల పొలానికి ఇది ఎప్పుడూ తక్కువ చూపదు. చూపితే సరిగ్గా చూపుతుంది, లేకపోతే ఎక్కువ చూపుతుంది.

కారణం అర్థం చేసుకోవడానికి రెండు పుల్లలు చాలు. రెండింటి చివరలూ ఒకచోట కలిపి పట్టుకోండి. మూల సరిగ్గా నిటారుగా ఉన్నప్పుడు ఆ రెండు పుల్లల మధ్య ఏర్పడే త్రిభుజం అన్నింటికన్నా పెద్దది. పుల్లల్ని దగ్గరికి మూసినా, దూరంగా తెరిచినా త్రిభుజం చిన్నదైపోతుంది. మోటు లెక్క పొలంలోని ప్రతి మూలనూ నిటారు మూలగానే ఊహించుకుంటుంది. నిజమైన మూలలు అటో ఇటో వంగి ఉంటాయి. అందుకే కాగితం మీద భూమి పెరుగుతుంది.

వంపు కొంచెమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పక్క గట్టు 41 కోలలు ఉండి, కింద నుంచి పైకి వచ్చేసరికి 9 కోలలు పక్కకు జరిగిందనుకోండి. చూసేవాళ్లకు పొలం దాదాపు చక్కగానే కనిపిస్తుంది. అసలు ఎత్తు మాత్రం 40. ఎదుటి గట్టు కూడా అలాగే వాలి ఉంటే ఎకరానికి రెండున్నర సెంట్లు అదనంగా లెక్కలోకి వచ్చేస్తాయి. ఏటా శిస్తు కట్టే రైతుకు అది ఏటా పడే దెబ్బ.

ఒకే చుట్టుకొలత, రెండు పొలాలు

ఇప్పుడు ఇంకా గట్టి ఉదాహరణ. ఒక తండ్రికి రెండు పొలాలున్నాయి. రెండింటికీ నాలుగు గట్లూ 13 కోలల చొప్పునే ఉన్నాయి. చుట్టూ తిరిగి తాడు పడితే రెండూ 52 కోలలే. మోటు లెక్కలో రెండూ 169 చదరపు కోలలే. ఇద్దరు కొడుకులకూ చెరొకటి రాసిచ్చారు. కాగితం మీద ఇన్సాఫ్ జరిగిపోయింది.

నేల మీద అలా లేదు. మొదటి పొలం నిజంగానే చతురస్రం. దాని విస్తీర్ణం 169. రెండోది పక్కకు వాలిన పొలం. దాని ఒక మూల నుంచి ఎదురు మూలకు 24 కోలలు, మిగతా రెండు మూలల మధ్య 10 కోలలు. దాని అసలు విస్తీర్ణం 120 మాత్రమే. ఒక కొడుక్కి 49 చదరపు కోలలు తక్కువ వచ్చాయి. నాలుగు వెదురు బద్దలు మేకులతో బిగించి చతురస్రం చేసి, ఒక మూలను నొక్కితే ఇది కళ్లకు కనిపిస్తుంది. బద్దల పొడవు మారదు, లోపలి చోటు కరిగిపోతుంది. పూర్తిగా నొక్కేస్తే లోపల చోటే ఉండదు. మోటు లెక్క మాత్రం అప్పుడు కూడా 169 అనే చెబుతుంది.

ఇంకో ఆశ్చర్యం ఉంది. ఈ పొలానికి సూక్ష్మ పద్ధతి కూడా పని చేయదు. సగం చుట్టుకొలత 26. నాలుగుసార్లు 13 తీసేస్తే నాలుగుసార్లు 13 మిగులుతుంది. గుణించి వర్గమూలం తీస్తే మళ్లీ 169. పొలం నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడేలా ఉంటేనే ఆ సూత్రం నిజం చెబుతుంది. ముందు చూసిన 128 కోలల పొలం అలాంటిది. ఈ వాలిన పొలం అలాంటిది కాదు. ఈ సంగతిని 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యులు కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. గట్లు మాత్రమే చెప్పి, మూల నుంచి మూలకు దూరం చెప్పకుండా విస్తీర్ణం అడిగేవాడినీ, అలా అడిగినా జవాబు చెప్పేవాడినీ ఆయన పిశాచంతో పోల్చారు.

పరిష్కారం ఒక్క తాడులో ఉంది. గట్ల చుట్టూ నాలుగుసార్లు కొలిచిన మనిషి, పొలానికి అడ్డంగా మూల నుంచి మూలకు ఐదోసారి కొలవాలి. అప్పుడు పొలం రెండు త్రిభుజాలైపోతుంది. మూడు భుజాలు తెలిసిన త్రిభుజం అటూ ఇటూ వాలదు. కొలత 10 వస్తే ఒక్కో త్రిభుజం 13, 13, 10. ఒక్కోటి 60, రెండూ కలిపి 120. చతురస్రమైతే అదే తాడు 18 కోలలు దాటుతుంది. రెండు పొలాల గుట్టూ అక్కడే బయటపడుతుంది.

త్రిభుజం దగ్గర కలిసిన బాగ్దాద్, దక్కన్

అందుకే పొలం లెక్క చివరికి త్రిభుజం లెక్కగా మారుతుంది. ఇక్కడ పాత పుస్తకాలన్నీ ఒకే ఉదాహరణ దగ్గర కలుసుకుంటాయి. భుజాలు 13, 14, 15 ఉన్న త్రిభుజం. గ్రీకు గణితవేత్త హెరాన్ దాన్ని వాడారు. ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాసిన మొదటి భాస్కరుడు వాడారు. బాగ్దాద్‌లో ఖలీఫా అల్ మామూన్ కాలంలో బైతుల్ హిక్మాలో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ కూడా తన బీజగణిత పుస్తకంలో దీన్నే వాడారు.

మోటు లెక్కలో అయితే 13, 15 సగటు 14. దాన్ని 14లో సగమైన 7తో గుణిస్తే 98. ఇది ఎక్కువ.

సరైన జవాబుకు మూడు దారులున్నాయి. మొదటిది భారతీయ పద్ధతి. 15 వర్గం 225, 13 వర్గం 169. తేడా 56. దాన్ని భూమి 14తో భాగిస్తే 4. భూమికి 4 కలిపి సగం చేస్తే 9, తీసి సగం చేస్తే 5. అంటే పైమూల నుంచి నిట్టనిలువుగా దింపిన గీత భూమిని 5గా, 9గా విడదీస్తుంది. ఎత్తు 12. భూమిలో సగమైన 7ను 12తో గుణిస్తే 84.

రెండోది అల్ ఖ్వారిజ్మీ దారి. ఆ చిన్న ముక్క ఎంతో తెలియదు కాబట్టి దానికి ఒక పేరు పెట్టి, రెండు వైపుల నుంచీ ఎత్తును కట్టి, రెండూ సమానమని రాశారు. జవాబు 5 వచ్చింది, ఎత్తు 12, విస్తీర్ణం 84. మూడోది సగం చుట్టుకొలత దారి. 21, 8, 7, 6 గుణిస్తే 7056. వర్గమూలం 84. త్రిభుజానికి ఈ సూత్రం ఎప్పుడూ తప్పదు.

వృత్తం విషయంలోనూ ఇంతే. మహావీరాచార్యులు మోటు లెక్కకు 3, సూక్ష్మానికి 10 వర్గమూలం వాడమన్నారు. అల్ ఖ్వారిజ్మీ ఇదే 10 వర్గమూలంతో పాటు మూడుంబావుకు కొంచెం తక్కువైన 22/7ను, ఖగోళ గణకులు వాడే 62832/20000ను కూడా చెప్పి, ఎవరి అవసరాన్ని బట్టి వారు వాడుకునేలా రాశారు. 20 కోలల అడ్డకొలత ఉన్న గుండ్రటి కళ్లం మోటు లెక్కలో 300, సూక్ష్మంలో 316, ఇప్పటి లెక్కలో 314. అంటే వృత్తం దగ్గర మోటు లెక్క తక్కువ చూపుతుంది. పొలానికి ఎక్కువ, కళ్లానికి తక్కువ.

అల్ ఖ్వారిజ్మీ పుస్తకంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ వాటాల లెక్కలకే పోయింది. వాటాల భిన్నాలు ఎంత పక్కాగా కట్టినా, పంచాల్సిన భూమి కొలతే తప్పైతే ఫలితం ఉండదు. కొలత, వాటా రెండూ ఒకే పుస్తకంలో పెట్టడానికి కారణం అదే అనుకోవచ్చు.

తప్పని తెలిసీ ఎందుకు వాడారు?

మోటు లెక్క ఒక్క మన దేశానిదే కాదు. ఈజిప్టులోని ఎడ్ఫూ ఆలయ గోడల మీద రెండు వేల ఏళ్లకు పూర్వమే ఇదే పద్ధతిలో కొలిచిన పొలాల వివరాలు చెక్కి ఉన్నాయి. ఇంతకాలం బతకడానికి కారణాలు ఉన్నాయి. పైరు నిలిచి ఉన్న పొలంలో మూల నుంచి మూలకు తాడు లాగడం కష్టం. మధ్యలో బండలు, కంపలు ఉంటే ఇంకా కష్టం. గట్టు మీద నడిచి కొలవడం సులువు. పైగా వర్గమూలం తీయడం అందరికీ రాదు. సగటు కట్టి గుణించడం ఎవరికైనా వస్తుంది.

ఇంకో కారణం కూడా కాదనలేనిది. కొలత ఎక్కువ వస్తే శిస్తు వసూలు చేసేవారికి నష్టం లేదు, అమ్మేవారికీ నష్టం లేదు. నష్టమల్లా కట్టేవారికి, కొనేవారికి, వాలిన పొలం వాటాగా వచ్చినవారికి. వాళ్లకు లెక్క రాకపోతే అడగలేరు. లెక్క సంస్కృతంలోనే ఉంటే నేర్చుకోలేరు.

మల్లన చేసిన పని విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆయన కొత్త సూత్రమేదీ కనిపెట్టలేదు. తాళం చెవిని మాత్రం ఊరి భాషలోకి తెచ్చారు. తెలుగు చదవగలిగిన కరణానికి, కోమటికి, రైతుకు లెక్క అందింది. పద్యాల్లో ఉండటం వల్ల తాటాకు దొరకని వాడు కూడా బట్టీపట్టి గుర్తు పెట్టుకోగలిగాడు. ఆ తర్వాత ఎలుగంటి పెద్దన లీలావతిని ప్రకీర్ణ గణితం పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఉత్తరాన అక్బర్ ఆస్థానంలో 1587లో ఫైజీ అదే లీలావతిని ఫార్సీలోకి అనువదించారు. పండితుల భాష నుంచి పని చేసేవాళ్ల భాషలోకి లెక్కను మార్చే ఈ పనిని తెలుగులో మొదలుపెట్టింది మల్లనే.

తాడు పోయి గొలుసు, గొలుసు పోయి డ్రోన్

16వ శతాబ్దం చివర్లో కొండవీడు గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చి ముర్తజానగర్ అయింది. ఇప్పుడా కొండవీడు పల్నాడు జిల్లాలోనే ఉంది. గోల్కొండ ఫర్మానాలు కొన్ని ఫార్సీలో, తెలుగులో రెండింటిలోనూ వెలువడేవి. భూమి లెక్కల్లోకి జమాబందీ, జిల్లా, హద్దు, రైతు లాంటి మాటలు వచ్చి చేరి, తెలుగు మాటలే అన్నంతగా కలిసిపోయాయి. అయితే ఊళ్లో గంటం పట్టి లెక్క రాసింది మాత్రం తెలుగు కరణమే.

ఇంగ్లీషువాళ్ల కాలంలో తాడు స్థానంలో 66 అడుగుల ఇనుప గొలుసు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ సర్వేలో ఒక మంచి మార్పు జరిగింది. పొలానికి మూల నుంచి మూలకు ఒక అడ్డగీత కొలిచి, ఆ గీత నుంచి మిగతా మూలలకు నిట్టనిలువు దూరాలు రాసుకునే పద్ధతి స్థిరపడింది. సర్వే కార్యాలయాల్లో ఉండే ఎఫ్ఎంబీ పటాల్లో కనిపించే గీతలు అవే. మన వాలిన పొలాన్నే తీసుకుంటే అడ్డగీత 24, అటు 5, ఇటు 5. 24ను 5తో గుణించి సగం చేస్తే 60, రెండు వైపులా కలిపి 120. భాస్కరాచార్యులు అడిగిన ఐదో కొలత సర్కారీ కాగితం మీదికి అలా ఎక్కింది.

1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయింది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లు వచ్చాయి. ఇవి గట్ల పొడవును కాదు, ప్రతి మూల ఎక్కడుందో గుర్తిస్తాయి. మూలలు తెలిస్తే వాలు తానే తెలిసిపోతుంది. రీసర్వేలో పాసు పుస్తకం కంటే విస్తీర్ణం తగ్గిందని రాష్ట్రంలో పలుచోట్ల రైతులు ఫిర్యాదు చేశారు. వాటికి కారణాలు అనేకం. హద్దు జరగడం కావచ్చు, పాత రికార్డు తప్పు కావచ్చు, కొత్త కొలత తప్పు కావచ్చు. ఏ తప్పు ఎక్కడ జరిగిందో తేల్చాలంటే మాత్రం విస్తీర్ణం ఏ దారిలో కట్టారో తెలుసుకోవాల్సిందే.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. పల్నాడు పేరు చెబితే 12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల మధ్య జరిగిన యుద్ధమే అందరికీ గుర్తొస్తుంది. అది కూడా ఒకే ఇంటి అన్నదమ్ముల మధ్య రాజ్యం పంపకంతో పుట్టిన తగాదానే. సీమలో ఇప్పటికీ కోర్టుకెక్కే గొడవల్లో గట్టు తగాదాలు తక్కువేమీ కాదు. మాచర్ల వైపు బండలు, వాగుల మధ్య ఒదిగిన చెలకల్లో నాలుగు మూలలూ నిటారుగా ఉండే పొలం దొరకడమే అరుదు.

పావులూరి మల్లన పేరు మీద పెద్ద స్మారకాలు లేవు. పదో తరగతి పిల్లలు త్రిభుజ వైశాల్యం నేర్చుకునేటప్పుడు ఆయన పేరు వినరు. కానీ భూమి కొనేటప్పుడో, వాటా పంచుకునేటప్పుడో ఇంట్లో ఒకరు నాలుగు గట్లతో ఆగకుండా అడ్డంగా ఐదో కొలత కూడా పట్టమని అడిగితే, ఆ ఇంట్లో వాలిన పొలం ఎవరి వాటాకు వచ్చినా వారికి అన్యాయం జరగదు. ఆ కొలత పట్టడానికి సర్వేయరే రానక్కర్లేదు. ఒక టేపు, ఒక కాగితం, వర్గమూలం తీసే ఫోను చాలు.